టూ స్ట్రోక్ బండికి ముకుతాడు

హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల మీదుగా పోతుంది. ఆ తారు దిగి పొలాల వైపు తిరిగితే ఎక్కువ చోట్ల పత్తీ మిరపా పండే నల్లరేగడి. ఎండాకాలం పాదం దిగబడేంత నెర్రెలు, వానాకాలం చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలుగా పట్టేసే బంకమట్టి. కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు దగ్గర కృష్ణ ఒడ్డుకు దిగితే ఇసక. 2021 ఆగస్టులో ఉన్నట్టుండి వరదొచ్చి, వందకు పైగా ఇసక లారీలు ఏటి మధ్యలో చిక్కుబడిపోయింది ఇక్కడే. ఈ నేల మీద, ఈ డొంకల్లో బండి నడపాలంటే వేగంతో పని లేదు. మనిషి నడకకన్నా కాస్త ఎక్కువగా పోతూ, ఇంజను ఆగకుండా, వెనక చక్రం జారకుండా లాగగలిగితే చాలు.

1980ల నడుమ మన ఊళ్లకు వచ్చిన చిన్న టూ స్ట్రోక్ బళ్ల స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతే చూడండి. 98 సీసీ ఇంజను, 11 గుర్రాల బలం. కానీ ఆ బలమంతా చేతికందేది నిమిషానికి 7,500 చుట్ల దగ్గర. బురదలో అన్ని చుట్లు తిప్పితే బండి ముందుకు పోదు, చక్రం గుంట తవ్వుకుంటుంది. మరి అంత పొగరున్న బండిని డొంకదారికి మాలిమి చేయడం ఎలా? ఈ ప్రశ్న మనకంటే ముందు చాలామందికి వచ్చింది.

ముందు ఆ పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి మండుతుంది, టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ మండుతుంది. సిలిండరు తలమీద వాల్వులుండవు. పిస్టను పైకీ కిందికీ పోతూ సిలిండరు గోడకున్న కంతల్ని తనే మూస్తుంది, తనే తెరుస్తుంది. కాలిన పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. దాంతో కొత్తదాంట్లో కొంత, కాలకుండానే పొగతోపాటు వెళ్లిపోతుంది. వెనకటి బళ్లు పెట్రోలు అంతగా తాగడానికీ, అంత పొగ చిమ్మడానికీ ఇదొక కారణం. పెట్రోల్లో కలిసి కాలే ఆయిలు రెండో కారణం.

ఆ నష్టాన్ని లాభంగా మార్చినవాడు వాల్టర్ కాడెన్. యుద్ధకాలంలో పీనెముండేలో హిట్లరు క్షిపణుల పని మీద ఉన్న ఈ ఇంజనీరు, తర్వాత తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ రేసు బళ్ల విభాగం చూసుకున్నాడు. సైలెన్సరు గొట్టాన్ని మధ్యలో ఉబ్బించి, చివర మళ్లీ సన్నం చేస్తే, బయటికి పోయిన పీడన తరంగం గోడకు తగిలి వెనక్కి వస్తుంది. సరిగ్గా సమయానికి వస్తే, తప్పించుకుపోతున్న కొత్త గాలిని తిరిగి సిలిండరులోకి నెట్టేస్తుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజను 25 గుర్రాల బలం ఇచ్చింది. లీటరు లెక్కన 200 గుర్రాలు. అంతకు ముందు ఎవరూ అందుకోని అంకె. అదే ఏడాది సెప్టెంబరులో స్వీడన్ రేసుకు వెళ్లిన ఎంజెడ్ రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ తిరిగి తూర్పు జర్మనీకి పోలేదు. ఆ రహస్యాలన్నీ పట్టుకుని సుజుకీలో చేరాడు, 1962లో వాళ్లకు 50 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. గూఢచారి సినిమాలో పెడితే అతిగా ఉందంటాం. యమహా మొదటి బండి, 1955 నాటి వైఏ-1 కూడా జర్మనీ డీకేడబ్ల్యూ బండికి నకలే. మన రోడ్ల మీద తిరిగిన జపాన్ టూ స్ట్రోకుల వంశవృక్షం వేళ్లు అక్కడున్నాయి.

ఈ ఏర్పాటులో మెలిక ఒకటుంది. తరంగం వెళ్లి రావడానికి పట్టే కాలం ఇంచుమించు ఎప్పుడూ ఒకటే, ఇంజను చుట్లు మాత్రం మారుతుంటాయి. రెండూ కలిసేది ఏదో ఒక వేగం దగ్గరే. అంతదాకా నిద్రపోతున్నట్టుండే బండి, ఆ గీత దాటగానే వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉరుకుతుంది. తారురోడ్డు మీద ఆ తన్నే మజా. బంకమట్టిలో అదే పడేస్తుంది.

మన రైతులు కోడెను సేద్యానికి తెచ్చేటప్పుడు రెండు పనులు చేస్తారు. విత్తులు కొట్టించి పొగరు తగ్గించడం ఒకటి, పాత ఎద్దు పక్కన కాడి కట్టి నడక నేర్పడం ఒకటి. బండి విషయంలోనూ ఇవే రెండు దారులు. యమహా 1968లో తెచ్చిన డీటీ-1 రెండో దారి పట్టింది. అమెరికాలో అడవి బాటల్లో, ఎడారుల్లో తిరగడానికి చేసిన 246 సీసీ బండి అది. తేలిక చట్రం, ఎత్తు సస్పెన్షను, కింది చుట్ల దగ్గరే లాగే ఇంజను. అదే బండికి సిలిండరు, పిస్టను, కార్బొరేటరు, గొట్టం మార్చుకునే కిట్టునూ కంపెనీయే అమ్మింది. దాంతో మోటోక్రాసు రేసుకు పోవచ్చు. అంటే లోపలి సత్తువ ఎక్కడికీ పోలేదు, ఎక్కడ ఎంత బయటికి రావాలో మాత్రం ముందే తేల్చి పెట్టారు.

మన దేశంలో మొదటి దారి పట్టారు. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ చేసింది. అసలు బండికి 39 గుర్రాలు. మన దగ్గర మైలేజీ కోసం దాని గొట్టాన్నీ శ్వాసనీ బిగించి 30 దాకా దించారు, తర్వాత వచ్చిన రకంలో ఇంకా తగ్గించారు. అంతటితో ఆగలేదు. ముందు చక్రానికున్న డిస్కు బ్రేకు తీసి డ్రమ్ము పెట్టారు. బలం నాలుగో వంతు తగ్గితే, ఆపే శక్తి అంతకన్నా ఎక్కువ తగ్గింది. నా లెక్కలో అది మాలిమి చేయడం కాదు. ముకుతాడు వదులు చేసి, ఎద్దుకు కడుపు మాడ్చడం. 1980ల చివరికి ఆ బండి ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని కొని పూజ చేసుకునేవాళ్లున్నారు గానీ, అప్పట్లో దాన్ని పొలానికి తీసుకెళ్లే తెలివితక్కువ పని ఎవరు చేస్తారు?

పొలానికి పోయింది పాత రాజ్‌దూత్ 175. పోలండులో పుట్టిన ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 బండి నమూనా మీద చేసినది. వేగం లేదు, అందం సంగతి అడగొద్దు. కానీ దాని బలం కింది చుట్లలోనే ఉండేది. రెండు పక్కలా పాలక్యాన్లు కట్టినా గేరు తగ్గించుకుని గట్టెక్కేది. పెట్రోలు పోయించుకునేటప్పుడు ఆయిలు కొలిచి కలపడం మరిచిపోతే మాత్రం పిస్టను పట్టేసేది.

ఆర్‌ఎక్స్ 100లో ఆయిలుకు వేరే పంపు ఉంది. లోపలికి వచ్చే దారిలో రీడ్ వాల్వు కూడా ఉంది. పలచటి రేకుల్లాంటి ఈ వాల్వు లోపలికి పోయిన గాలిని వెనక్కి రానివ్వదు, అందువల్ల కింది చుట్లలోనూ కొంత లాగుడు మిగులుతుంది. ఆ బండి పేరు ఇంతకాలం నిలవడానికి ఈ చిన్న రేకులే సగం కారణమని నాకనిపిస్తుంది. మిగతా పని మెకానిక్కు చేతిలో ఉండేది. ముందు స్ప్రాకెట్టులో ఒక పన్ను తగ్గించడం అన్నిటికంటే చవక. 14 పళ్లున్న చోట 13 వేస్తే పై వేగం ఏడు శాతం పోతుంది, లాగుడు ఆ మేరకు పెరుగుతుంది. వెనక పళ్లు పెంచినా అదే ఫలితం. మందమైన హెడ్డు గ్యాస్కెట్టు వేస్తే ఒత్తిడి తగ్గి బండి మెత్తబడుతుంది. మాగ్నెటు చక్రానికి బరువు చేరిస్తే చుట్లు నిదానంగా పెరుగుతాయి, నిదానంగానే తగ్గుతాయి. విదేశాల్లో బాటల మీద తిరిగేవాళ్లు మొదట చేసేది ఇదే. సైలెన్సరు లోపలి బ్యాఫిల్ గొట్టాన్ని ముట్టుకోకూడదు. ఇక మిగిలింది నడిపేవాడి చెయ్యి. బురదలో మొదటి గేరు వాడితే చక్రం గిర్రున తిరుగుతుంది. రెండో గేరులో, క్లచ్చి సగం పట్టి, ఎక్సలేటరు కదిలీ కదలనట్టు తిప్పాలి. ఇది చెబితే వచ్చేది కాదు, నాలుగుసార్లు పడ్డాక వస్తుంది.

కుర్రాళ్లు మాత్రం సరిగ్గా తలకిందులుగా చేసేవాళ్లు. బ్యాఫిల్ పీకేయడం, కంతల్ని ఆకురాయితో పెద్దవి చేయడం. ఊరి పొలిమేర దాటకముందే ఎవరి బండో చప్పుడును బట్టి తెలిసేది. ఆ ముచ్చటకు ప్రాణాలిచ్చిన ఇళ్లు ఏ మండలంలోనైనా ఉంటాయి. ఆర్‌ఎక్స్ మీద వచ్చే జ్ఞాపకాల వ్యాసాల్లో వీళ్ల ప్రస్తావన అరుదు.

యమహా దగ్గర అసలైన జవాబు కూడా ఉండేది. పొగ వెళ్లే కంత ఎత్తును చుట్లను బట్టి మార్చే పవర్ వాల్వు. 1970ల చివర రేసు బళ్లకు పెట్టి, తర్వాత అమ్మకపు బళ్లకూ తెచ్చారు. అది ఉంటే ఒకే బండి డొంకలో సాధువు, రోడ్డు మీద సింహం. మన ఊళ్ల బళ్లకు అది రానేలేదు. ఆర్‌ఎక్స్ 100 వచ్చిన 1985లోనే హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోకు, తక్కువ బలం, ఎక్కువ మైలేజీ. పొగ మీద నిబంధనలు బిగిసిన 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది, 2000 తర్వాత మిగతావీ ఒక్కొక్కటే పోయాయి.

డొంకలో చివరిదాకా నిలబడ్డ టూ స్ట్రోక్ ఏదంటే, ఎవరూ పాటలు కట్టని టీవీఎస్ ఎక్సెల్. 70 సీసీ, మూడున్నర గుర్రాలు, మార్చుకోవడానికి గేర్లే లేవు. క్లచ్చి తనంతట తనే పట్టుకుంటుంది. తన్నదు, ఉరకదు. ముందు కాళ్ల దగ్గర యూరియా బస్తా, వెనక గడ్డిమోపు, పక్కన మందు కొట్టే డబ్బా వేలాడేసుకుని మిరపచేల గట్ల మీద పోతుంది. 2015లో దానికీ ఫోర్ స్ట్రోక్ ఇంజను వచ్చింది. పాతవి ఇంకా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి, నీలం పొగ వదులుకుంటూ.