మూడు లారీల పోలీసులు

1982 మార్చి 12న కెన్యాలోని కామిరీథు అనే ఊళ్లో మూడు లారీల సాయుధ పోలీసులు దిగారు. ఊరి జనం తమ చేతులతో కట్టుకున్న నాటకశాలను నేలమట్టం చేసి వెళ్లిపోయారు. అంతకు ముందురోజే సర్కారు ఆ ఊరి సాంస్కృతిక కేంద్రాన్ని నిషేధించింది, చుట్టుపక్కల ఎక్కడా నాటకమన్న మాట వినపడకూడదంది.

ఈ కథను లోకం రచయిత గూగీ వా థియాంగో కష్టాల కథగా గుర్తుపెట్టుకుంది. జైలు, ప్రవాసం, ఏటేటా నోబెల్ వస్తుందన్న పుకారు, రాకపోవడం. నాకు మాత్రం ఇది ఒక్కడి కథలా కనిపించదు. వినేవాళ్లకు దూరమైపోయిన ఒక తరం రచయితలది, తన నాటకాన్ని పోగొట్టుకున్న ఒక ఊరిది ఈ దుఃఖం.

నైరోబీకి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో, లిమూరు పక్కన ఉంటుంది కామిరీథు. 1950లలో మౌ మౌ పోరాటాన్ని అణచడానికి బ్రిటిష్ వాళ్లు జనాన్ని వాళ్ల ఇళ్ల నుంచి వెళ్లగొట్టి ఒకచోట కుక్కిన ఊళ్లలో అదొకటి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఊరివాళ్లు పక్కనున్న టీ తోటల్లోకి, బాటా చెప్పుల ఫ్యాక్టరీలోకి కూలికి పోయేవాళ్లు. మా బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని అటు బయల్దేరే హౌస్ కీపింగ్ ఆడవాళ్లకు, సెక్యూరిటీ గార్డులకు కామిరీథు ఎలాంటి ఊరో విడమర్చి చెప్పక్కర్లేదు.

1976లో ఆ ఊరామె ఒకావిడ గూగీ ఇంటి తలుపు తట్టింది. నీ చదువు ఊరికి అక్కరకు రావొద్దా అని అడిగింది. వరసగా కొన్ని ఆదివారాలు వచ్చింది. ఆయన అప్పటికే నైరోబీ విశ్వవిద్యాలయంలో సాహిత్యశాఖ పెద్ద, ఇంగ్లిష్ నవలలతో పేరు పొందినవాడు. 1977 జూలైలో ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ వచ్చింది. కొత్త దొరల దోపిడీని ఉతికి ఆరేసిన నవల అది. దాన్ని ఆవిష్కరించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆర్థిక మంత్రి మ్వాయి కిబాకి! ఇంగ్లిష్‌లో ఎంత తిట్టినా సర్కారుకు చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు.

అదే ఏడాది గూగీ వా థియాంగో, గూగీ వా మిరీ కలిసి కామిరీథు కోసం, ఆ ఊరివాళ్లు మాట్లాడే గికుయు భాషలో ఒక నాటకం రాశారు. పేరు ‘న్గాహికా న్డీండా’, అంటే ఇష్టమైనప్పుడు పెళ్లి చేసుకుంటా అని. కిగూండా అనే కూలివాడికి ఎకరన్నర నేల ఉంటుంది. ఆ నేల పట్టా కాగితమే ఆ ఇంటి గోడకు అలంకారం. ఒక ఆసామి వచ్చి, మీ పెళ్లి చర్చిలో జరగలేదు కాబట్టి చెల్లదంటాడు. మళ్లీ మర్యాదగా పెళ్లి చేసుకోమంటాడు. పెళ్లి ఖర్చుకు అప్పు, అప్పుకు పట్టా తాకట్టు. చివరికి ఆ నేలలో పురుగుమందుల ఫ్యాక్టరీ లేస్తుంది. బోరబండలో ఇంటి పట్టాను గోడకు తగిలించరు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో చీరల మడతల కింద దాస్తారు. భయం మాత్రం అదే.

ఆ నాటకం తయారైన తీరు చూస్తే దాన్ని ఇద్దరి రచన అనడానికి మనసొప్పదు. చిత్తుప్రతి ఊళ్లో చదివి వినిపిస్తే ముసలివాళ్లు తప్పులు పట్టారు: మా వయసువాడు ఇలా మాట్లాడడు, ఈ సామెత ఇక్కడ పడదు. ఫ్యాక్టరీలో చేసేవాళ్లు కూర్చుని కూలి లెక్కలు విప్పి చెప్పారు, యజమానికి ఎంత మిగులుతోందో తేల్చారు. నాటకశాల నమూనాను ముందు నేలమీద అగ్గిపుల్లలు పేర్చి చూసుకున్నారు. తర్వాత చిన్న బొమ్మ కట్టారు. ఆపైన 2,000 మందికి పైగా పట్టే నాటకశాల లేచింది. పనిదినాలు పాడుకాకుండా శని, ఆదివారాల మధ్యాహ్నాలు రిహార్సల్స్, అవీ అందరి కళ్లముందే. చూడ్డానికి వచ్చినవాళ్లే పాత్రధారుల పొరపాట్లు దిద్దేవాళ్లు. ఆ రోజుల్లో ఊళ్లో తాగుడు తగ్గిందని గూగీ రాసుకున్నాడు.

1977 అక్టోబరు 2న తెర లేచింది. ఆరువారాలు తిరిగాయో లేదో, నవంబరులో నిషేధం. డిసెంబరు 30 అర్ధరాత్రి గూగీని ఇంటి నుంచి తీసుకుపోయారు. కేసు లేదు, విచారణ లేదు.

కామిటీ జైల్లో ఆయన టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశాడు. ఖైదీలను బాధపెట్టడానికే అన్నట్టు మహా గరుకుగా ఉండే కాగితం అది. ఒంటికి చేటు గానీ కలానికి భేషుగ్గా ఉండేదంటాడు. ఒక సోదాలో ఆ కాగితాలన్నీ పట్టుబడ్డాయి. ఇక పోయినట్టే అనుకుంటుంటే జైలు అధికారి పిలిచి తిరిగి ఇచ్చేశాడు, ఇందులో తప్పేం కనపడలేదుగానీ నీ గికుయు మాత్రం చాలా కష్టంగా ఉందని ఒక విమర్శ కూడా జోడించి. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కెన్యాట్టా చనిపోయాక, డిసెంబరులో విడుదల. విశ్వవిద్యాలయం ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు.

ఆ నవల, గూగీ రాసిన జైలు డైరీ మన దగ్గరికి వచ్చిన దారి కూడా జైలు మీదుగానే. సికింద్రాబాద్ కుట్రకేసులో 1980ల చివరి దాకా లోపలున్న వరవరరావు రెంటినీ అక్కడే తెలుగు చేశారు. నవల ‘మట్టికాళ్ల మహారాక్షసి’ అయింది. వరవరరావు సొంత జైలు లేఖలు 2010లో ఇంగ్లిష్‌లో వచ్చినప్పుడు ముందుమాట రాసింది గూగీయే. భీమా కోరేగావ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు వైద్య కారణాలమీద ఆ అనువాదకుడికి బెయిలిస్తూ, కోర్టు అనుమతి లేకుండా ముంబై దాటకూడదని షరతు పెట్టింది. ఎనభై దాటిన తెలుగు కవి, తెలుగు వినపడే ఊళ్లకు అవతల. ఆయన రాజకీయాలతో ఒప్పుకోనివాళ్లకు కూడా ఈ శిక్ష ఎలాంటిదో అర్థమవుతుంది.

అటు కామిరీథు ఓటమిని ఒప్పుకోలేదు. 1982 ఫిబ్రవరిలో ‘అమ్మా, నా కోసం పాడు’ అనే అర్థం వచ్చే పేరుతో సంగీత నాటకం సిద్ధం చేసి, నైరోబీలోని జాతీయ నాటకశాలలో ఆడాలనుకున్నారు. నటులు వెళ్లేసరికి తలుపులకు తాళాలు, కాపలాకు పోలీసులు. విశ్వవిద్యాలయం ఆవరణలో రిహార్సల్స్ చేసుకుంటే వాటిని చూడ్డానికే వేలమంది విరగబడ్డారు. అక్కడా ఆపేశారు. ఆ తర్వాతే లారీలు వచ్చాయి.

ఆపైన ఒక్కొక్కరే చెదిరిపోయారు. దర్శకుడు కిమానీ గెచావు జింబాబ్వేకు. గూగీ వా మిరీ కూడా అక్కడికే, అక్కడే 2008లో కారు ప్రమాదంలో పోయాడు. రచయిత్రి మిచేరే ముగో పౌరసత్వమే పోగొట్టుకుని, 2023లో అమెరికాలో కన్నుమూసింది. చరిత్రకారుడు మైనా వా కిన్యట్టి ఆరేళ్లు జైల్లో మగ్గాడు. పుస్తకావిష్కరణకు లండన్ వెళ్లిన గూగీకి, తిరిగొస్తే అరెస్టు ఖాయమని కబురందింది. ఆగిపోయాడు. అక్కడ కూర్చుని ‘మటిగారి’ రాశాడు. సత్యం, న్యాయం ఎక్కడున్నాయని అడుగుతూ తిరిగే మనిషి కథ. ఊళ్లలో జనం మటిగారి గురించి చెప్పుకోవడం విని సర్కారు అతన్ని పట్టుకొమ్మని ఆదేశించింది. నవల్లో పాత్ర అని తేలాక, 1987లో పుస్తకాలనే అరెస్టు చేసి దుకాణాల నుంచి ఎత్తుకుపోయారు. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ సర్కారుకు సాహిత్యమంటే ఎంత గురి ఉందో మన విమర్శకులు చాలామందికి అంత లేదు.

2004లో, ఇరవై రెండేళ్ల తర్వాత గూగీ భార్యతో కలిసి ఊరికొచ్చాడు. విమానాశ్రయంలో జనం పోటెత్తారు. రెండు వారాలు నిండకముందే దుండగులు బసలో జొరబడి ఆయన్ని గాయపరిచారు, భార్యపై అత్యాచారం చేశారు. ఇంకో చేదు మాట ఇంటిలోంచే బయటపడింది. ఆయన కొడుకు, తనూ రచయితే అయిన ముకోమా, నాన్న మా అమ్మను కొట్టేవాడని 2024లో బాహాటంగా చెప్పాడు. గూగీకి నివాళులు రాసేవాళ్లు చాలామంది ఈ మాట దాటేస్తారు. కిగూండా గుడిసెలో ఆడదాని గొంతు వినమన్న మనిషి విషయంలో అలా దాటేయడం కుదరదు.

గూగీ కాలిఫోర్నియాలో ఉండి కూడా నవలలు గికుయులోనే రాశాడు. పక్కన కూర్చుని ఈ సామెత ఇక్కడ పడదని దిద్దే ముసలాయన అక్కడెవరున్నారు? 2025 మే 28న అమెరికాలోనే పోయాడు.

‘న్గాహికా న్డీండా’ను 2022 మేలో నైరోబీలో మళ్లీ ఆడారు, గికుయులో కొన్ని ఆటలు, ఇంగ్లిష్‌లో కొన్ని. నలభై ఏళ్ల కిందట కామిరీథు నటుల ముఖాన తాళం వేసిన ఆ జాతీయ నాటకశాలలోనే, టికెట్ పెట్టి. నటులు నైరోబీ వాళ్లు.