పార్లమెంటునకు అర్జీ: ఒక తెలుగు వర్తకుడు చూపిన త్రోవ

ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఆదాయవ్యయములతోపాటు రాజపూజ్యము, అవమానము ఎంతెంతయని అడిగి తెలిసికొనుట మన ఆచారము. రాజపూజ్యము గ్రహములవలన కలుగునో లేదో జ్యోతిష్కులు చెప్పవలెను గాని, ఏలువారి చెవికి మన మాట చేర్చు సాధన మొకటి మన చేతిలోనే కలదు. అది అర్జీ. దాని చరిత్రను, దానిని వ్రాయు పద్ధతిని సోదర పాఠకులకు మనవిచేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇంద్రావతి, పర్లకోట, పాములగౌతమి నదులు కలియు భామ్రాగడ్ మొదలుకొని, ప్రాణహిత గోదావరిలో చేరు సిరొంచ వరకు గల సీమలో మాడియా, గోండీ, మరాఠీలతోపాటు తెలుగు మాటయు వినవచ్చును. సిరొంచ ప్రాంతము 1860లో నైజామునుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చెను. 1956 నవంబరు 1న చాందా జిల్లా మధ్యప్రదేశమునుండి బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1న మహారాష్ట్రమునకును సంక్రమించెను. 1982లో గడ్చిరోలి జిల్లా వేరుపడెను. మనలో కొందరము పొట్ట చేతబట్టుకొని వచ్చినవారము. కొందరు ఇల్లు కదలకుండగనే ఏలికలు మారినవారు. సంఖ్యాబలము లేని వారికి అర్జీయే పెద్ద ఆధారము.

ఈ విద్యలో మనకు త్రోవ చూపినవారు మద్రాసులోని తెలుగు వర్తకులు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. వారు 1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిరి. ఈస్టిండియా కంపెనీ చార్టరు గడువు తీరవచ్చుచున్న తరుణమది. ఆ యేడు డిసెంబరులో సంఘమువారు ఇంగ్లండు పార్లమెంటునకు అర్జీ పంపిరి. పన్నుల భారము, శిస్తు వసూలులో రైతులు పడు చిత్రహింసలు, న్యాయస్థానములలోని జాప్యము, బాటల కొరత, చదువుల లేమి అందు వివరింపబడెను.

అర్జీ చేరినంతనే న్యాయము జరిగినదా? లేదు. 1853లో పార్లమెంటు కంపెనీ పాలననే కొనసాగించెను. శెట్టిగారు అంతటితో విడువలేదు. ఆ యేడే మద్రాసు వచ్చిన డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుని జిల్లాలలో త్రిప్పి, రైతుల గోడును రైతుల నోటనే వినిపించిరి. 1854 జూలైలో కామన్సు సభలో విషయము చర్చకు వచ్చెను. సెప్టెంబరులో విచారణసంఘము ఏర్పడెను. 1855లో ఆ సంఘము చిత్రహింసలు నిజమేయని నివేదించెను. రెండు కర్రలనడుమ వ్రేళ్లు నలుపుట, మెడవంచి కట్టి ఎండలో నిలుపుట మొదలగు దుర్మార్గములు ప్రభుత్వ పత్రములకెక్కెను. గోడుకు సాక్ష్యము తోడైనప్పుడు అర్జీకి బలము వచ్చెను.

మరియొక ఉదాహరణము. 1953 డిసెంబరులో ఏర్పడిన రాష్ట్రముల పునర్విభజన సంఘమునకు దేశము నలుమూలలనుండి 1,52,250 పత్రములు చేరెను. వానిలో చక్కగా ఆలోచించి వ్రాసినవి రెండువేలకు మించవని ఆ సంఘమే తన నివేదికలో చెప్పినది. తక్కినవారి శ్రమ ఎంత వ్యర్థమైనదో ఊహించుకొనుడు!

మనవారి అర్జీలు కొన్ని నేనును చదివితిని. మొదటి పుట పొగడ్త, రెండవ పుట ఏడ్పు, మూడవ పుట సంతకములు; కావలసినదేమో ఎక్కడను కనబడదు. లోక్‌సభ నియమములు దీనికి తావీయవు. అర్జీని సభను సంబోధించి, మర్యాదగల మాటలలో వ్రాయవలెను. చివర కోరిక స్పష్టముగా ఉండవలెను. సంతకము చేయు ప్రతివారి పూర్తిపేరు, చిరునామా ఉండవలెను. వ్రాయలేనివారు వ్రేలిముద్ర వేయవచ్చును. సంతకములు పలు కాగితములపై నున్నచో ప్రతి కాగితము మీదుగడను కోరికను తిరిగి వ్రాయవలెను. ఉత్తరములు, అఫిడవిట్లు జతపరచరాదు. సభ్యుని ద్వారా సమర్పించినచో వారును సంతకము చేయవలెను. పిదప అర్జీ పదునైదుగురికి తక్కువకాని సభ్యులుగల అర్జీల సంఘమునకు పోవును. కోర్టులోనున్న తగాదాలు, రాష్ట్ర శాసనసభకు చెందిన విషయములు, చట్టము ప్రకారము వేరే మార్గమున్న ఫిర్యాదులు అచ్చట చెల్లవు.

భాష రాదని వెనుదీయనక్కరలేదు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము కేంద్రమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము చేసికొనవచ్చును. లోక్‌సభకు తెలుగున వ్రాసినచో హిందీ లేక ఇంగ్లీషు అనువాదమును సంతకముతో జతపరచిన చాలును. పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని 1956లో చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. మన పిల్లలకు తెలుగు పలక కావలెనన్నచో ముందుగా వ్రాయవలసినది రాష్ట్ర ప్రభుత్వమునకు. భాషాల్పసంఖ్యాకుల కమిషనరునకును వ్రాయవచ్చును. ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇండ్లు, బడియీడు పిల్లలెందరు అని ముందు లెక్క వ్రాయుడు. తక్కినది ఆ లెక్కయే చెప్పును.

ఉగాదిపచ్చడిలో వేపపూత ఎక్కువైనను తక్కువైనను రుచి చెడును. అర్జీలో కష్టము చెప్పుటయు అట్టిదే. ఈ నూతన సంవత్సరమున మన యిండ్లలో పంచాంగము ప్రక్కన ఒక తెల్లకాగితమును, కలమును ఉంచుదము గాక!