‘అక్షర దోషం’ మాటున దొంగ తలుపు

2021 మార్చి 28, ఆదివారం. పీహెచ్‌పీ భాష మూల కోడ్‌ను భద్రపరిచే సర్వర్‌లోకి ఒక చిన్న మార్పు వచ్చి చేరింది. పంపినవారి పేరు రాస్మస్ లెర్డార్ఫ్. 1990లలో ఆ భాషకు పురుడు పోసిన మనిషి. పక్కన రాసిన వివరణ: అక్షర దోషం సవరణ. ఇక అనుమానించేదెవరు?

సర్వర్ భాష ఏదో తెలిసిన వెబ్‌సైట్లలో అప్పటికి దాదాపు 79 శాతం పీహెచ్‌పీ మీదే నడుస్తున్నాయి.

పంపినవారి పేరు అంత పెద్దదైనా, కొందరు డెవలపర్లు ఆ మార్పును వరుస వరుసా చదివారు. ఒక షరతు దగ్గర వాళ్ల కళ్లు ఆగిపోయాయి. ఈ వరుస ఏం చేస్తుందని ఒకరు అడిగారు. మరొకరు విప్పి చెప్పారు. అది సవరణ కాదు, దొంగ తలుపు!

ఆ షరతు అల్లిక ఇది: (మొదటిది || రెండోది) && మూడోది.

ఆనందపురం కూడలిలో తగరపువలస వెళ్లడానికి నిలబడ్డ మనిషి మనసులో ఉండేదీ ఇదే. బస్సు తగరపువలస మీదుగా విజయనగరం గానీ శ్రీకాకుళం గానీ వెళ్లాలి, పైగా ఇక్కడ ఆగాలి. ‘గానీ’ దగ్గర ఒక్కటి నిజమైనా చాలు, అది ||. ‘పైగా’ దగ్గర రెండూ నిజం కావాలి, అది &&.

దొంగ కోడ్‌లో బ్రాకెట్ లోపలిది మామూలుగా నిజమయ్యేదే. కిటుకంతా && తర్వాత ఉంది. బ్రౌజర్ తన పేరు చెప్పుకునే ‘యూజర్ ఏజెంట్’ను పోలిన ఒక హెడర్ (అభ్యర్థనతో పాటు వెళ్లే వివరం) ఉందా అని అది అడుగుతుంది. ఆ పేరు చివర ‘టీ’ అక్షరం ఒకటి ఎక్కువ. మామూలు బ్రౌజర్లేవీ దాన్ని పంపవు. కాబట్టి లోకానికంతటికీ ఆ షరతు అబద్ధం, తలుపు మూత. గుట్టు తెలిసినవాడు ఆ హెడర్‌లో ‘జెరోడియం’ అనే మాట చేర్చి పంపితే మాత్రం, వెనకాల వచ్చే ఏ కోడ్‌నైనా సర్వర్ నడిపేస్తుంది. ఆ పేరున్న కంపెనీ తనకేమీ సంబంధం లేదని ప్రకటించింది.

పీహెచ్‌పీ ప్రధాన డెవలపర్లలో ఒకరైన నికితా పొపోవ్ ఆ మార్పును వెనక్కి తీశారు. కాసేపటికే అది మళ్లీ వచ్చింది, ఈసారి పొపోవ్ పేరుతోనే! దాన్నీ తొలగించారు. సొంత గిట్ సర్వర్‌ను వదిలి మూల కోడ్‌ను గిట్‌హబ్‌కు మార్చారు. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. యూజర్ల డేటాబేస్ బయటికి పొక్కి ఉండొచ్చని తర్వాత అనుమానించారు. విడుదలైన ఏ వెర్షన్‌లోకీ ఆ కోడ్ చేరలేదు.

మన ఆనందపురం, మధురవాడ దారుల్లో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ కథ చెప్పి తీరాలి. ఎందుకంటే దొంగ తలుపు పెట్టడానికి దొంగే రానక్కర్లేదు, మన పొరపాటు చాలు. పీహెచ్‌పీలో && బదులు ఇంగ్లీషు మాట ‘అండ్’ కూడా రాయొచ్చు. కానీ దాని ప్రాధాన్యం ‘=’ కంటే తక్కువ, అంటే ‘=’ పనే ముందు జరిగిపోతుంది. ‘అనుమతి = లాగిన్ అయ్యాడు అండ్ అడ్మిన్’ అని రాస్తే, అనుమతిలో చేరేది లాగిన్ జవాబు ఒక్కటే. అడ్మిన్ కానివాడికీ దారి దొరుకుతుంది. బ్రాకెట్ పెట్టినా, && వాడినా ఆ ప్రమాదం తప్పుతుంది.

ఆ రోజు కోట్ల వెబ్‌సైట్లకు ముప్పు తప్పించినవాళ్లు సంతకం ఎవరిదో చూసి ఊరుకోలేదు, షరతును చదివారు. ఎంత పెద్దవారి పేరు మీద వచ్చిన కోడ్‌నైనా అలాగే చదవాలి.