దేశ్యపదం రూఢమేనా? తెలుగు ధాతువు, ప్రత్యయం, ప్రకరణం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు బోధనలో తత్సమపదాలను ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాలుగా విడదీసి వివరించే సంప్రదాయం స్థిరపడింది. దేశ్యపదాలను మాత్రం అవయవార్థం లేని రూఢపదాలుగా అప్పజెప్పించడమే ఎక్కువగా సాగుతున్నది. ఈ భేదం పదాల స్వభావం నుండి పుట్టిందా, మన వర్గీకరణ పద్ధతి నుండి పుట్టిందా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. 1816 నాటి ఎల్లిస్ వివరణ, చిన్నయసూరి బాలవ్యాకరణం, పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల నిఘంటువులు, భద్రిరాజు కృష్ణమూర్తి పరిశోధన ఆధారంగా దేశ్యపదాలలోనూ యౌగికత విస్తారంగా ఉన్నదని, దానిని గుర్తించడానికి ప్రకరణం తోడు అవసరమని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: దేశ్యం, ధాతువు, ప్రత్యయం, ప్రకరణం, యౌగికం, రూఢం, ధాతుమాల, పదనిర్మాణం.

1. ఉపోద్ఘాతం:

'హృ' ధాతువుకు ఆ, వి, సం, పరి అనే ఉపసర్గలు చేరితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే పదాలు ఏర్పడతాయని తెలుగు విద్యార్థి చిన్నతనంలోనే నేర్చుకుంటాడు. ఒక ధాతువు, నాలుగు ఉపసర్గలు తెలిస్తే నాలుగు పదాలు చేతికి వస్తాయి. అదే విద్యార్థి కోత, మేత, నేత, రాత, పూత అనే పదాలను చదివేటప్పుడు వాటిని కలిపే సూత్రం ఒకటి ఉన్నదని సాధారణంగా ఎవరూ చెప్పరు. కోయు, మేయు, నేయు, వ్రాయు, పూయు అనే ధాతువులకు 'త' ప్రత్యయం చేరి ఈ నామాలు ఏర్పడ్డాయి. ఈ క్రమం 'హృ' ధాతువు క్రమం కంటే తక్కువ స్పష్టమైనదేమీ కాదు.

శాస్త్రపరిభాషలో చెప్పాలంటే, అవయవార్థం ద్వారా అర్థమిచ్చే పదం యౌగికం. అవయవార్థంతో పని లేకుండా సముదాయశక్తి చేత అర్థమిచ్చే పదం రూఢం. తత్సమాన్ని యౌగికంగానూ దేశ్యాన్ని రూఢంగానూ చదివించే అలవాటు మన విద్యావిధానంలో బలంగా నాటుకుంది. దీని చరిత్రను పరిశీలిస్తే దేశ్యాన్ని విప్పి చూసే ప్రయత్నం తెలుగులో రెండువందల ఏళ్ల కిందటే మొదలైందని, ఆ ఫలితం తరగతి గది వరకు పూర్తిగా చేరలేదని తెలుస్తుంది.

2. దేశ్యం - నిర్వచనంలోని చిక్కు:

మన వ్యాకరణ సంప్రదాయం పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించింది. వీటిలో మొదటి రెండింటికి మూలం చెప్పబడింది. తత్సమానికి సంస్కృత, ప్రాకృత పదాలు సమానరూపాలు. తద్భవానికి అవే పుట్టుక. దేశ్యానికి వచ్చేసరికి నిర్వచనం స్వభావం మారుతుంది. త్రిలింగదేశపు వ్యవహారం చేత సిద్ధించినది దేశ్యమని చిన్నయసూరి చెప్పాడు. అంటే పదానికి ప్రమాణం వ్యవహారం. దాని లోపలి నిర్మాణం గురించి ఈ నిర్వచనం ఏమీ చెప్పదు.

ఈ మౌనం నుండే అపోహ పుట్టింది. సంస్కృత, ప్రాకృతాలలో మూలం దొరకని పదానికి అసలు మూలమే లేదనే భావన క్రమంగా స్థిరపడింది. నిర్వచనం ఆ మాట అనలేదు. బయటి మూలం లేకపోవడం ఒక విషయం, లోపలి నిర్మాణం లేకపోవడం మరొక విషయం. ఈ రెంటినీ వేరుచేసి చూడడానికి తెలుగు ధాతువులను విడిగా కూర్చుకోవలసి వచ్చింది.

3. 1816 - ధాతువుల సాక్ష్యం:

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. దాని స్థాపనలో ప్రధానపాత్ర వహించినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. అక్కడి ప్రధాన పండితుడు పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువులను ధాతుమాలగా కూర్చాడు. కళాశాల విద్యార్థుల కోసం ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయింది. దాని ఉపోద్ఘాతానికి ఎల్లిస్ ఒక వివరణను జోడించాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుండి పుట్టాయని విలియం కేరీ మొదలైనవారు చెప్పిన అభిప్రాయాన్ని ఖండించడం దాని ఉద్దేశం.

ఎల్లిస్ వాదం మూడు అంచెలుగా సాగింది. మొదట ధాతువులు, తరువాత పదాలు, ఆపైన వాక్యరచన. ధాతుమాలలోని ధాతువులను సంస్కృత ధాతువుల పక్కన పెట్టి అవి వేరని చూపాడు. తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టి అవి ఒక కుటుంబానివని చూపాడు. పదాల విషయంలో మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపికకు రాసిన పీఠికను ఆధారంగా తీసుకుని తత్సమాది విభాగాన్ని వివరించాడు. వాక్యరచన విషయంలో అవే వాక్యాలను తమిళ, తెలుగు, కన్నడాలలోకి మార్చి పోల్చాడు. రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వెలువడడానికి నలభై ఏళ్ల ముందు జరిగిన పని ఇది.

భాషాకుటుంబ చరిత్రలో ఈ వివరణకు ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. పదసంపద దృష్టితో చూస్తే దీనికి మరొక ప్రాధాన్యం ఉంది. దేశ్యమని పక్కన పెట్టిన పదరాశికి సొంత ధాతువులు ఉన్నాయని స్థాపించినది ఈ కృషే. అంతకంటే గమనించవలసినది, పండితుల వర్గీకరణ, పండితుడు కూర్చిన ధాతుపట్టిక లేకుండా ఎల్లిస్ వాదం నిలబడేది కాదు. ధాతువు అనే భావన సంస్కృత వ్యాకరణానిది. దానిని తెలుగుకు అన్వయించి పట్టిక తయారుచేసిన పని తెలుగు పండితునిది.

4. ప్రత్యయాలు - బాలవ్యాకరణం:

ధాతువు తెలిసినంత మాత్రాన పదం తెలియదు. 'నడుచు' ధాతువు నుండి నడక, నడత, నడవడి, నడుపు అనే పదాలు వచ్చాయి. నడక కాళ్లకు సంబంధించినది. నడత శీలానికి సంబంధించినది. ఈ భేదం ప్రత్యయం వల్ల వచ్చింది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తద్ధిత, కృదంత పరిచ్ఛేదాలను ప్రత్యేకంగా చేర్చి తెలుగు ప్రత్యయాలకు శాస్త్రస్థానం కల్పించాడు.

ఈ పరిచ్ఛేదాల మార్గంలో నేటి పదాలను చూస్తే ఎన్నో వరుసలు కనబడతాయి. ఆటగాడు, వేటగాడు, మొనగాడు ఒక వరుస. నేర్పరి, కూర్పరి మరొకటి. మంచితనం, గొప్పతనం, పెద్దరికం, చుట్టరికం, పేదరికం భావార్థక వరుసలు. కలిమి, లేమి, ఓటమి వంటి పదాలలో 'మి' కనబడుతుంది. తడబాటు, పొరపాటు వంటి పదాలలో 'పడు' ధాతువు 'పాటు'గా మారి ప్రత్యయంలా పనిచేస్తుంది. పేద అన్న పదానికి 'రికం' చేరుతుంది, మంచికి 'తనం' చేరుతుంది; మంచిరికం అనరాదని భాషావ్యవహర్తకు తెలుసు. అంటే ప్రత్యయాల వాడుకలో నియమం ఉంది, ఆ నియమం వ్యవహర్త మనసులో సజీవంగా ఉంది. దేశ్యం రూఢమైతే ఈ నియమానికి తావే ఉండదు.

అయితే బాలవ్యాకరణ బోధనలో సంధి, సమాస పరిచ్ఛేదాలకు దక్కినంత చోటు తద్ధిత, కృదంతాలకు దక్కలేదు. పద్యపఠనానికి సంధిజ్ఞానం తక్షణావసరం కావడం ఇందుకు ఒక కారణం. పదాలను విడదీయడం నేర్పిన ఆ రెండు పరిచ్ఛేదాలు పరీక్ష అవసరాల వెనుక ఉండిపోయాయి.

5. నిఘంటువులు - 'దే.' అనే సంకేతం:

సి.పి. బ్రౌన్ తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కావ్యప్రయోగాలతో పాటు వాడుక మాటలకూ అందులో చోటిచ్చాడు. పదార్థాన్ని ప్రయోగం ద్వారా నిర్ణయించే పద్ధతికి ఇది బలమైన పునాది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. 1936 నుండి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలుగా వెలువడింది. తెలుగు పదానికి కావ్యప్రమాణం చూపడంలో ఈ నిఘంటువుల సేవ అసాధారణమైనది.

వీటిలో పదానికి ఎదురుగా 'సం.', 'దే.', 'వై.' వంటి సంకేతాలు కనబడతాయి. సంస్కృతపదమైతే పాఠకుడు దాని వ్యుత్పత్తిని వెతుక్కునే దారి ఉంది. 'దే.' అన్న సంకేతం కనబడగానే అన్వేషణ అక్కడితో ఆగిపోతుంది. సంకేతం వర్గాన్ని తెలిపింది. చదివేవాడు దానిని వివరణగా స్వీకరించాడు.

ఈ అడ్డుగోడను శాస్త్రీయంగా దాటించినది భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన తెలుగు క్రియాధాతువుల తులనాత్మక పరిశీలన. తెలుగు క్రియాప్రకృతులలో మూలధాతువు ఏది, దానికి చేరిన సాధకప్రత్యయం ఏది అన్నది సోదరభాషల సాక్ష్యంతో ఆయన విడదీసి చూపారు. అదే సంవత్సరం బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడింది. ఈ మార్గంలో చూస్తే తెలియు, తెలివి, తెలి, తెల్ల, తేట, తేరు అనే పదాలు ఒకే కుదురులో చేరతాయి. తమిళంలో తెళి, కన్నడంలో తిళి వీటికి సోదరపదాలు. నిర్మలం కావడం అనే మూలార్థం ఒకవైపు జ్ఞానంగా, ఒకవైపు వర్ణంగా, మరొకవైపు తేరిన నీటి స్వచ్ఛతగా విస్తరించింది. ఈ కుదురు తెలిసిన విద్యార్థికి 'తేటతెల్లం' అన్న మాటను విడిగా అప్పజెప్పవలసిన పని లేదు.

6. ప్రకరణం - ధాతువుకు హద్దు:

ధాతుపద్ధతికి హద్దులు లేవనుకోవడం మరో పొరపాటు అవుతుంది. ప్రకరణం లేకుండా ఒంటరి పదానికి నిర్వచనం చెప్పరాదని నిరుక్తకారుడైన యాస్కుడే హెచ్చరించాడు. సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం మొదలైనవి అనేకార్థ శబ్దాలలో అర్థాన్ని నిర్ణయిస్తాయని భర్తృహరి వాక్యపదీయంలో వివరించాడు. తెలుగులో ఈ హెచ్చరిక ఎంత అవసరమో రెండు ఉదాహరణలు చూపుతాయి.

పైరులో మొలిచే కలుపు పంటతో కలిసి పెరుగుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెప్పడం సులభం. వినడానికి సహజంగానూ ఉంటుంది. కాని సోదరభాషలు వేరే సాక్ష్యం చెబుతాయి. మిశ్రమం చేయడం అనే అర్థంలో తమిళంలో 'కల', కన్నడంలో 'కలసు' ఉన్నాయి. వీటిలో ఉన్నది లకారం. పైరులోని కలుపుకు తమిళంలో 'కళై', కన్నడంలో 'కళె' ఉన్నాయి. వీటిలో ఉన్నది ళకారం. తమిళంలోని కళ్, ముళ్ తెలుగులో కల్లు, ముల్లు అయినట్లే ఇక్కడా ళకారం లకారంగా మారింది. రెండు వేరువేరు ధాతువులు తెలుగులో ఒకే రూపానికి వచ్చాయి. ధ్వనిచరిత్ర తెలియని పాఠకుడికి కూడా ప్రకరణం దారి చూపుతుంది. 'కలుపు తీశారు', 'చేనికి కలుపు పట్టింది' అన్న వాక్యాలలో తీయు, పట్టు అనే క్రియల సాహచర్యం అర్థాన్ని నిర్ణయిస్తుంది.

'మోత' రెండో ఉదాహరణ. 'మోతకూలి'లోని మోత 'మోయు' ధాతువు నుండి వచ్చింది. 'డప్పుల మోత'లోని మోత 'మ్రోయు' ధాతువు నుండి వచ్చిన 'మ్రోత'. వ్రాత రాతగా మారినట్లు సంయుక్తాక్షరంలోని రేఫ వాడుకలో లోపించడంతో రెండు పదాలు ఒకటిగా వినబడుతున్నాయి. పాతరూపం తెలిస్తే ధాతువు తెలుస్తుంది. పాతరూపం తెలియనప్పుడు కూలి, డప్పు అనే పక్కపదాలే ఆధారం.

వ్యవహారం చేత సిద్ధించినది దేశ్యమన్న పాత నిర్వచనం ఇక్కడ కొత్త విలువను పొందుతుంది. దేశ్యానికి వ్యవహారం ప్రమాణమైతే, ఆ వ్యవహారాన్ని నమోదు చేయడం నిఘంటుకారుని మొదటి బాధ్యత. కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుండి సేకరించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ధాతువును వెలికితీసిన పండితుడే ప్రకరణాన్ని వెతుక్కుంటూ పొలానికీ మగ్గానికీ వెళ్లవలసి రావడం ఈ చరిత్రలో అర్థవంతమైన ఘట్టం.

7. నేటి పదనిర్మాణం - బోధన:

నేటి పాఠ్యపుస్తకాలలో పదజాల అభ్యాసాలంటే పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు. వ్యుత్పత్త్యర్థాల పట్టికలో కనబడేవి ఎక్కువగా సంస్కృతపదాలే. వ్యుత్పత్తి సంస్కృతానికే ఉంటుందన్న భావన విద్యార్థిలో ఈ విధంగా స్థిరపడుతుంది. కొత్త పదం అవసరమైనప్పుడు తెలుగు ప్రత్యయాల వైపు చూడకపోవడం దీని పర్యవసానం.

వ్యవహారం మాత్రం ఈ హద్దును పాటించడం లేదు. 'చెల్లింపుదారు'లో 'చెల్లు' అనే దేశ్యధాతువు, తెలుగు ప్రత్యయాలు, చివర పారసీకం నుండి వచ్చిన 'దారు' ఉన్నాయి. 'వినియోగదారు'లో అదే ప్రత్యయం తత్సమానికి చేరింది. 'కొనుగోలుదారు' మళ్లీ దేశ్యంతో ఏర్పడింది. వర్గీకరణలో వేరువేరు అరల్లో ఉన్న అంశాలను పత్రికలు, కార్యాలయాలు, ప్రజలు కలిపి కొత్త పదాలు చేసుకున్నారు. ఈ పదాల వ్యుత్పత్తిని తరగతిలో చెప్పడానికి ఏ శాస్త్రమూ అడ్డు కాదు.

ఒక ధాతువును ఇచ్చి దాని నుండి వచ్చిన పదాలను రాయించడం, ఒక ప్రత్యయాన్ని ఇచ్చి అది చేరే పదాలను, చేరని పదాలను గుర్తింపజేయడం, కలుపు, మోత వంటి పదాలను వాక్యాలలో ఉంచి ధాతుభేదాన్ని ఊహింపజేయడం అనే మూడు అభ్యాసాలు డిగ్రీ స్థాయి వరకు క్రమంగా సాగించదగినవి. మూడోది లేకుండా మొదటి రెండూ జరిగితే విద్యార్థి ప్రతి పదానికీ కల్పిత వ్యుత్పత్తి చెప్పే ప్రమాదం ఉంది.

8. ఉపసంహారం:

దేశ్యం అన్నది పదం ఎక్కడి నుండి రాలేదో చెప్పే పేరుగా మొదలై, పదానికి లోపల ఏమీ లేదని సూచించే పేరుగా మారింది. పట్టాభిరామశాస్త్రి ధాతుమాల, దానిని సాక్ష్యంగా నిలిపిన ఎల్లిస్ వివరణ దేశ్యంలోని ధాతువును చూపాయి. బాలవ్యాకరణం ప్రత్యయాన్ని చూపింది. బ్రౌన్ నిఘంటువు, మాండలిక వృత్తిపదకోశం ప్రకరణాన్ని చూపాయి. ఈ మూడూ వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాల కోసం జరిగిన పనులు కావడం వల్ల బోధనలో ఒకచోట కలవలేదు. వీటిని కలిపి చదివితే దేశ్యపదరాశిలో రూఢంతో పాటు యౌగికమూ విస్తారంగా ఉన్నదని స్పష్టమవుతుంది. దేశ్యధాతువుల నుండి ఏర్పడిన పదకుటుంబాలను, వాటి ప్రయోగ ప్రకరణాలతో సహా ఒకచోట చేర్చే విద్యార్థి నిఘంటువు తయారు కావడం ఈ దిశలో తక్షణావసరం.