శాసనములు తీర్చిన శకటము

1964వ సంవత్సరము మే నెలలో సుజుకా పందెపు బాటమీద జరిగిన రెండవ జపాన్ గ్రాండ్ ప్రీ పోటీకొఱకు, ప్రిన్స్ అను వాహనసంస్థవారు తమ స్కైలైన్ అను కుటుంబవాహనపు ముక్కును 20 సెంటీమీటర్లు సాగదీసి, తమదే యగు గ్లోరియా కారునుండి ఆఱు సిలిండర్ల ఇంజనును దెచ్చి యందిమిడ్చిరి. యుద్ధకాలమున విమానములు నిర్మించి, యుద్ధానంతరము ఆ విద్యకు తావులేక మోటారు బండ్లవైపు మరలినవారు ఆ సంస్థలో పెక్కుమంది యుండిరి. పోటీలో గెలిచినది జర్మనీదేశపు పోర్షె 904 యే. కాని ఒక చుట్టులో స్కైలైన్ దానిని దాటి ముందు నిలిచినప్పుడు ప్రేక్షకులు పొందిన యానందము ఆ కారు పేరుతోనే శాశ్వతముగా పెనవేసికొనిపోయెను. 1966లో ప్రిన్స్ సంస్థ నిస్సాన్‌లో విలీనమయ్యెను. 1969లో జీటీ-ఆర్ అను బిరుదము స్కైలైనునకు మొదటిసారి దక్కెను. మఱుసటి యేట రెండు తలుపుల కూపే వచ్చెను. 1973లో రెండవతరపు జీటీ-ఆర్‌లు రెండువందలైనను పూర్తికాకుండగనే నిలిచిపోయెను. తరువాత పదునాఱేండ్లు ఆ బిరుదము ఏ కారుమీదను కానరాలేదు.

1989 ఆగస్టులో ఆర్32 అను సంకేతముతో జీటీ-ఆర్ మరల వెలువడినప్పుడు, దాని స్వరూపమును నిర్ణయించుటలో శిల్పుల ప్రతిభకు తోడు, గ్రూప్ ఏ అను పందెపు నిబంధనావళి పాలు మిక్కిలి యెక్కువగా నుండెనని నా నిశ్చితాభిప్రాయము. టర్బో గల ఇంజను ఘనపరిమాణమును 1.7 చేత హెచ్చవేసి, వచ్చిన మొత్తమునుబట్టి కారునకు తరగతి కట్టవలెనని ఆ నిబంధన. దీని ఇంజను 2,568 ఘన సెంటీమీటర్లు. హెచ్చవేసినచో 4,366 వచ్చును. అనగా 4,500 లోపు తరగతిలో కారు నిలుచును, ఆ తరగతికి చెల్లు వెడల్పు టైర్లు దానికి లభించును. వింతగా గన్పట్టు 2.6 లీటర్ల కొలత వెనుక నున్న లెక్క యిదియే. మఱియు, పందెమున దిగు కారు అంగడిలో అమ్ముడుపోవు కారే కావలెననియు, అట్టివి వేలసంఖ్యలో తయారు కావలెననియు ఆ నిబంధనావళియే శాసించుటవలన, పందెముకొఱకు పుట్టిన జంట టర్బోలును, జారుడునుబట్టి ముందు చక్రములకు బలము పంచు యంత్రాంగమును సామాన్యోద్యోగి యింటి ముంగిటికి వచ్చెను.

ఫలితము నిబంధనకర్తలే యూహింపనిది. 1990 మొదలు 1993 వఱకు జపాను టూరింగ్ కార్ పోటీలలో జరిగిన 29 పందెములను ఈ కారే గెలిచెను. ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ కొండమీద 1991లోను 1992లోను జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ అనువారు దీనిని నడిపి విజయము గొనిరి. అచ్చటి పత్రికలవారు దీనికి గాడ్జిల్లా యని పేరిడిరి. అధికారులు దీనిపై అదనపు బరువు మోపిరి. తుదకు 1993లో ప్రధాన తరగతి ఎనిమిది సిలిండర్ల కార్లకే పరిమితమగునట్లు నియమములే మారిపోయెను.

స్వదేశమున దానిని కట్టిన సంకెల మఱియొకటి. 1988లో జపాను రోడ్లమీద పదివేలమందికి పైగా మరణించిరి. ఆ కాలముననే తయారీదారులందఱు తమలోతాము ఒడంబడి, ఏ కారునకును 280 అశ్వశక్తికి మించి ప్రకటింపరాదని నిశ్చయించుకొనిరి. ఆ యొడంబడిక 2004 వఱకు నిలిచెను. కావున ఆర్32 కాగితముమీద 280 కలదే యైనను, లోపలి బలము దానికి మించినదే. స్పీడోమీటరు ముల్లు 180 దగ్గఱ నాగును. డాష్‌బోర్డు నడుమ నున్న చిన్న మీటర్లలో ఒకటి ముందు చక్రములకు ఎంత బలము పోవుచున్నదో చూపును: తిన్నని రోడ్డుమీద ఆ ముల్లు నిద్రించుచుండును, తడిసిన మలుపులో కాలు గట్టిగా నొక్కినతోడనే గుండెకొట్టుకొనినట్లు లేచి పడును. యంత్రపు ఆలోచన కంటికి కనబడు ఆ క్షణముకొఱకే కొందఱు ఈ కారును కొందురన్నచో నాకు ఆశ్చర్యము లేదు.

జపానులో కారు ముదిరినకొలది, రెండేండ్లకొకసారి తప్పని ప్రభుత్వ తనిఖీ వ్యయము యజమానికి భారమగును. కావున పాతబడిన కార్లు వేలముశాలలగుండ న్యూజిలాండు, ఆస్ట్రేలియా, బ్రిటను మొదలగు ఎడమప్రక్క నడిచెడి దేశములకు తరలిపోయెను. అమెరికా తలుపు మాత్రము మూసియుండెను. 1988లో చేసిన చట్టముచే, ఆ దేశపు భద్రతానియమములకు ఒదుగని వాహనము, తయారైన నెలనుండి 25 ఏండ్లు నిండినగాని స్వేచ్ఛగా ప్రవేశింపరాదు. ఈ లోపల 1998లో అమెరికా చేరిన గ్రాన్ టురిస్మో అను వీడియో ఆటలో ఆ కారును నడిపి పెరిగిన బాలకులు, దానిని కన్నులార చూడకయే ప్రేమించిరి. 2014 ఆగస్టులో మొదటి ఆర్32లకు గడువు తీఱెను. తరువాతి తరపు ఆర్34లకు ఆ గడువు తీఱుట 2024 జనవరిలో మొదలైనది. ఆ నిరీక్షణయే పాతకారును అపురూపవస్తువుగా మార్చెనని నా నమ్మకము. సామాన్యోద్యోగి కొనగలిగిన కారు నేడు అట్టివానికి అందని వెలకు పోవుట నాకు నిజముగా బాధ కలిగించుచున్నది. మన దేశములోనైతే మూడేండ్లు దాటిన ఇట్టి పాతకారు దిగుమతికే వీలులేదు గనుక, తెలుగువాడెవడైన దీనికి యజమాని కావలెనన్నచో టెక్సాసు, న్యూజెర్సీ వంటి విదేశపుచోట్లనే సాధ్యము.

కొనువాడు మొదట చదువవలసినది వేలముశాలవారి తనిఖీపత్రము. అందు కారు రేఖాచిత్రముమీద గీతకు ఏ, సొట్టకు యూ, తుప్పుకు ఎస్ అని అక్షరములు వేసి, వాని ప్రక్కన తీవ్రతను అంకెలచే సూచింతురు. ప్రమాదమున దెబ్బతిని మరమ్మతు పొందినదానికి ఆర్ అని శ్రేణి వ్రాయుదురు. కాగితము మంచిదైనను ఇంజను రహస్యములు వేఱు. తొలినాటి ఆర్32లలో ఆయిల్ పంపును త్రిప్పు క్రాంక్ కొన పట్టు పొట్టిది; ఇంజను అతివేగమున తిరిగినప్పుడు ఆ పట్టునొద్ద పంపు పగిలి, నూనె యందక ఇంజనంతయు నాశనమగును. టర్బోలలో ఇంజను పొగచే తిరుగు చక్రములు పింగాణివంటి పదార్థముతో చేసినవి. గాలి ఒత్తిడి హద్దుమీఱి పెంచినచో విఱిగి ముక్కలగును. విడిభాగములు దొరకక పెక్కు కార్లు షెడ్లలో మూలబడుచుండగా, 2017 చివర నిస్సాన్‌వారు తమ పందెపు విభాగమగు నిస్మో సంస్థతో కలిసి, ఆర్32కు కావలసిన వైరింగు హార్నెసులను, గొట్టములను, చిహ్నములను మరల తయారుచేయ నారంభించిరి.