ఇబ్న్ బతూతా ముందు అంబలి గిన్నె

ముస్లిమంటే బిర్యానీ అనేస్తారు. మా ఇళ్ళల్లో ఎక్కువ పొద్దులు గడిచింది జొన్నరొట్టె, అంబలితోనే.

1352లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సహారా దాటి వలాతా చేరాడు. అక్కడి అధికారి విందుకు పిలిచి, సజ్జలవంటి గింజలు దంచి తేనె, పాలు కలిపి సొరబుర్రలో పెట్టించాడు. ఇందుకా పిలిచిందని యాత్రికుడు చిన్నబుచ్చుకున్నాడు. మాలీ రాజధానిలో జనం ఎంతో ఇష్టపడే దుంపల సంకటి తిని ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. సుల్తాన్ సులేమాన్ పంపిన మూడు రొట్టెలు, గొడ్డుమాంసం ముక్క, పెరుగు చూసి నవ్వాడు.

అదే జనం నమాజు నిష్ఠనీ, ఖురాన్ చదువునీ, న్యాయాన్నీ మాత్రం మెచ్చుకున్నాడు. దీన్ ఒకటే, పొయ్యి మీద ఉడికేది ఆ నేల పంట.

అంబలిని చూసి నవ్వేవాళ్ళు బయటే కాదు, మాలోనూ ఉన్నారు. ఆ నవ్వు ఆరువందల యేళ్ళ పాతది. మేం గిన్నె దాచుకోం.