హైదరాబాద్ ఫార్ములా-ఈ రేసు: స్పాన్సర్లు, జట్లు

హైదరాబాద్ ఫార్ములా-ఈ రేసు 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పోటీ. ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా ఉన్న కారు రేసు తెలుగు నేల మీద జరగడం అదే మొదలు. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ పక్కనున్న రోడ్లనే 2.83 కిలోమీటర్ల ట్రాకుగా మార్చారు. డీఎస్ పెన్స్కే జట్టు డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాదికే రేసు ఆగిపోయింది.

మోటార్ రేసింగ్‌లో సీటు ఎవరిదో తేల్చేది చాలాసార్లు డబ్బే. కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2004లో మినార్డీ జట్టులో చోటు దొరికినా స్పాన్సర్ సొమ్ము సమకూరక వదులుకున్నారు. 2005లో టాటా వంటి సంస్థల అండతో జోర్డాన్ జట్టులో చేరి, ఫార్ములా-1లో తొలి భారతీయ డ్రైవరయ్యారు. ప్రతిభ ఉన్న కుర్రాళ్లు ఎందరో ఈ డబ్బు గడప దగ్గరే ఆగిపోతారు. ఈ క్రీడలో అన్నిటికంటే బాధపెట్టే సంగతి అదే.

రేసులకూ డబ్బే ఆధారం. హైదరాబాద్ రేసుకు 2022 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం, ఫార్ములా-ఈ సంస్థ అంగీకార పత్రం రాసుకున్నాయి. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్‌కో గ్రూపునకు చెందిన ఏస్ నెక్స్ట్ జెన్ కూడా కలిసి త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. రేసు నిర్వహణ ఖర్చు ఏస్‌ది. రోడ్లు, పౌర సదుపాయాలు సర్కారువి. పునరుత్పాదక విద్యుత్ వ్యాపారం చేసే హైదరాబాద్ కంపెనీ పేరు విద్యుత్ కార్ల పోటీకి చక్కగా అమరింది. రేసు పేరులోనూ గ్రీన్‌కో చేరింది. కానీ రెండో ఏడాదికి ఏస్ తప్పుకుంది. అప్పుడు ఆ భారాన్ని ప్రభుత్వమే నెత్తికెత్తుకుని 2023 అక్టోబరు 30న ఫార్ములా-ఈతో కొత్త ఒప్పందం చేసుకుంది. ఆ నెలలోనే హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు ₹55 కోట్లు చెల్లించారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న, పోటీకి సరిగ్గా 36 రోజుల ముందు, ఫార్ములా-ఈ సంస్థ రేసును రద్దు చేసింది. చెల్లింపుల్లో నిబంధనలు పాటించలేదంటూ అదే ఏడాది డిసెంబరు 19న ఏసీబీ కేసు పెట్టింది. ఒప్పందాల నాటి మంత్రి కేటీఆర్ ఆరోపణలను తోసిపుచ్చారు.

జట్ల సంగతికొస్తే, మహీంద్రా 2014లో ఫార్ములా-ఈ పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆనంద్ మహీంద్రా గ్రూపుదే ఈ జట్టు. మొదటి సీజన్‌లో భారత డ్రైవర్ కరుణ్ చందోక్‌కు సీటిచ్చినా, రెండో ఏడాది నిక్ హైడ్‌ఫెల్డ్‌ను తీసుకుంది. హైదరాబాద్‌లో దాని డ్రైవర్లు లూకాస్ డి గ్రాసీ, ఆలివర్ రోలండ్. మరో భారత డ్రైవర్ జెహాన్ దారువాలా రిజర్వులోనే ఉండిపోయాడు. సొంతగడ్డ మీద ఒక్క భారతీయుడూ బరిలో లేకపోవడం పెద్ద లోటు. టీసీఎస్ పేరుతో పరుగుతీసిన, టాటాల జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి ఢీకొని వైదొలిగాయి. 2024లో మాసెరాటి జట్టు దారువాలాకు సీటిచ్చింది. అప్పటికి హైదరాబాద్ రేసే లేకుండా పోయింది.

అదే హుస్సేన్ సాగర్ తీరంలో 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదలైంది. ప్రతి జట్టులో ఒక మహిళా డ్రైవర్ ఉండాలన్నది దాని నియమం. అందులోని హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును 2024 సెప్టెంబరులో నటుడు నాగచైతన్య సొంతం చేసుకున్నారు.